వృత్తి మారి సాఫ్ట్‌వేర్‌లోకి: దళిత యువత ముందున్న దారులు, వడపోతలు, హక్కులు

డీఎస్సీ కోసం నాలుగేళ్లు, గ్రూప్స్ కోసం మూడేళ్లు చదివి, మధ్యలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, లేదంటే మెడికల్ షాపులోనో కాల్ సెంటర్‌లోనో పనిచేసి, ఇరవై ఎనిమిదో ఏట అమీర్‌పేటలో బస్సు దిగేవాళ్లు మన వాడల నుంచి ఏటా వస్తూనే ఉన్నారు. వాళ్ల ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి మారొచ్చా? కోచింగ్ సెంటర్ బోర్డు నాలుగు నెలల్లో మారొచ్చంటుంది. ఊళ్లో చుట్టాలు ఆ ఉద్యోగాలు మనకెందుకు వస్తాయంటారు. రెండు మాటలూ సగమే నిజం.

సాఫ్ట్‌వేర్‌లోకి ఆలస్యంగా వచ్చే దళిత యువతీయువకులకు ఎక్కడ దారి ఉంది, ఎక్కడ అడ్డు తగులుతుంది, పరిశోధనలు ఏం తేల్చాయి, చట్టం ఎంతవరకు అండగా ఉంది, ఉద్యమ సంఘాలు ఏం చేయగలవు అన్నవి ఒకచోట చేర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

వృత్తి మార్పు మనకు మామూలు విషయం కాదు

ఒక పని నచ్చక ఇంకో పనిలోకి వెళ్లడాన్ని ఇప్పుడు కెరీర్ మార్పు అంటున్నారు. కుల వ్యవస్థలో అది ఎప్పుడూ వ్యక్తి ఇష్టానికి సంబంధించిన విషయంగా లేదు. 1936లో వెలువడిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ దీనినే ఎత్తిచూపారు. పరిశ్రమలు మారుతుంటే మనుషులు కూడా పని మార్చుకోగలగాలి. కులం ఆ మార్పును అడ్డుకుంటుంది కాబట్టి, దేశంలోని నిరుద్యోగంలో చాలా భాగానికి కులమే నేరుగా కారణమని ఆయన వాదించారు. 1942 అక్టోబరులో వైస్రాయ్‌కి సమర్పించిన విజ్ఞాపనలో ఎస్సీ విద్యార్థుల ఉన్నత చదువులతోపాటు సాంకేతిక శిక్షణకూ సౌకర్యాలు అడిగారు. ఎస్సీలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది.

తెలుగు నేల మీద మాల, మాదిగలు కుల వృత్తుల నుంచి బయటపడిన దారులు చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. రైల్వే, సైన్యం, మిషన్ ఆసుపత్రులు, మిషన్ బళ్లు, సింగరేణి, ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగం. వై.బి. సత్యనారాయణ రాసిన ‘మై ఫాదర్ బాలయ్య’ తెలంగాణ పల్లె నుంచి రైల్వే కూలిలోకి, అక్కడి నుంచి చదువుల్లోకి నడిచిన ఒక మాదిగ కుటుంబం కథ. ఈ తలుపుల్లో చాలావాటి తాళాలు ప్రభుత్వం చేతిలోనో మిషనరీల చేతిలోనో ఉండేవి. గ్రామ పెత్తందారు వాటిని పూర్తిగా మూయలేకపోయాడు.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఇందుకు భిన్నం. ఇంత పెద్ద ఎత్తున జీతపు ఉద్యోగాలిచ్చిన రంగాల్లో రిజర్వేషన్ లేకుండా ఎదిగిన రంగం ఇది. 1991లో ఆర్థిక సంస్కరణలు, సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాయి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ప్రభుత్వ రంగంలో ఖాళీలు తగ్గుతూ ప్రైవేటులో ఉద్యోగాలు పెరిగిన ఆ కాలంలోనే రిజర్వేషన్‌తో చదువుకున్న మొదటి, రెండో తరం దళిత పట్టభద్రులు పెద్ద సంఖ్యలో బయటికొచ్చారు. ఇప్పటి చిక్కుకు మూలం ఇక్కడే ఉంది.

అమీర్‌పేట ఎలా పనిచేస్తుంది

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గల్లీల్లో ఉన్న శిక్షణ కేంద్రాలు దేశంలోనే పేరుమోసినవి. పద్ధతి అందరికీ తెలిసిందే. మొదట ఉచిత డెమో క్లాసు, తర్వాత వందల మందితో బ్యాచ్, జిరాక్స్ మెటీరియల్, ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టల్. జావా, పైథాన్, డాట్‌నెట్, టెస్టింగ్, ఎస్‌ఏపీ, క్లౌడ్ అంటూ బోర్డులు కాలంతోపాటు మారుతుంటాయి. ఇంజనీరింగ్ కాలేజీ నాలుగేళ్లలో నేర్పనిది ఇక్కడ నాలుగు నెలల్లో నేర్పే గురువులు నిజంగానే ఉన్నారు. ఫీజు కార్పొరేట్ కోచింగ్‌లతో పోలిస్తే తక్కువే.

అసలు ఖర్చు ఫీజులో కనిపించదు. జీతం లేకుండా ఉండే నెలలు, హాస్టల్ అద్దె, లాప్‌టాప్, ఇంటికి పంపలేని డబ్బు, అన్నీ కలిపి లెక్కేస్తేనే ఖర్చు తేలుతుంది. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో హైదరాబాద్, సిడ్నీలలో పరిశోధన చేసి 2007లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ ఈ లెక్కను బాగా విప్పి చూపింది. కోస్తాంధ్ర భూస్వామ్య కుటుంబాల వ్యవసాయ మిగులు, కట్నాల డబ్బు పిల్లల ఐటీ శిక్షణకు, విదేశీ ప్రయాణానికి పెట్టుబడిగా మారిన తీరును ఆయన వివరించారు. భూమి అమ్మి లేదా తాకట్టు పెట్టి కొడుకును అమెరికా పంపిన కుటుంబం, ఆ కొడుకు ఏడాదిపాటు ఉద్యోగం లేకుండా ఉన్నా తట్టుకుంటుంది. కూలి మీద బతికే కుటుంబానికి ఆ ఏడాది ఉండదు. కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి మారడంలో తెలివి, కష్టంతోపాటు ఎన్ని నెలలు ఆదాయం లేకుండా ఆగగలరన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

కులం పేరెత్తని వడపోతలు

కంపెనీ ప్రకటనల్లో కులం ప్రస్తావన ఉండదు. ఉండే షరతులు మాత్రం ఆలస్యంగా వచ్చేవారి మీద, మొదటి తరం చదువరుల మీద ఎక్కువ బరువు వేస్తాయి.

మొదటిది మార్కుల గీత. పది, ఇంటర్, డిగ్రీ మూడింటిలోనూ 60 శాతం ఉండాలన్న షరతు ఫ్రెషర్ల నియామకాల్లో చాలాకాలంగా మామూలైపోయింది. పదేళ్ల కిందట ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో వచ్చిన 54 శాతం, ఈరోజు ఆ మనిషి రాయగలిగే కోడ్ గురించి ఏమీ చెప్పదు. అయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

రెండోది గ్యాప్. చదువు ముగిశాక ఒకటి రెండేళ్లకు మించి ఖాళీ ఉండకూడదంటారు. ఆ ఖాళీలో పత్తి ఏరినా, తండ్రికి ఆసుపత్రిలో తోడున్నా, గ్రూప్స్ చదివినా అన్నీ గ్యాపే. బ్యాక్‌లాగ్‌ల షరతు కూడా ఇలాంటిదే.

మూడోది సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని కాలేజీలు టీసీలు, మెమోలు ఆపడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా వింటున్న ఫిర్యాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టంగా ఆదేశించింది. ప్రభుత్వం కాలేజీకి పడ్డ బాకీకి విద్యార్థి పూచీ కాదు. ఇలాంటిచోట కలెక్టర్‌కి, విశ్వవిద్యాలయానికి, యూజీసీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విద్యార్థి సంఘాలు సామూహికంగా వెళ్తే త్వరగా పని అవుతుంది.

నాలుగోది ఇంగ్లీషు. కోడ్ రాయడానికి కావలసిన ఇంగ్లీషు తక్కువే. ఇంటర్వ్యూ గది అడిగేది వేరు. అక్కడ ఉచ్చారణను, ధీమాను కలిపి ‘కమ్యూనికేషన్’ అని మార్కులేస్తారు.

ఐదోది రెఫరల్. చాలా కంపెనీలు తమ ఉద్యోగులు సిఫారసు చేసినవారిని ముందు పిలుస్తాయి. పిన్ని కొడుకు, ఊరి అన్న, హాస్టల్ సీనియర్ కంపెనీలో ఉంటే రెజ్యూమే నేరుగా చేరుతుంది. ఇదివరకే అక్కడున్న కులాల వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఎవరూ పనిగట్టుకుని ద్వేషించకపోయినా, రెఫరల్ ద్వారా పాత కూర్పే మళ్లీ మళ్లీ తయారవుతుంది.

నకిలీ అనుభవం అనే గుంట

ఈ వడపోతల ముందు విసిగిపోయినవారికి కొన్ని కన్సల్టెన్సీలు ఒక అడ్డదారి చూపిస్తాయి. మూతపడ్డ లేదా కాగితం మీదే ఉన్న కంపెనీ పేరుతో రెండు మూడేళ్ల అనుభవ పత్రం, జీతం స్లిప్పులు తయారు చేసి ఇస్తారు. ఇంకొందరు ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగమని లక్షలు తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఇలాంటి సంస్థలు డబ్బు వసూలు చేసి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన వార్తలు చాలాసార్లు వచ్చాయి.

నీతి బోధ పక్కనపెట్టి నష్టం లెక్క చూద్దాం. కంపెనీలు ఉద్యోగి పీఎఫ్ యూఏఎన్ చరిత్రను, పన్ను వివరాలను పరిశీలిస్తాయి. నాస్కామ్ నెలకొల్పిన నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ ఉన్నదే ఉద్యోగుల వివరాలు సరిచూడటానికి. చేరిన ఏడాదికి దొరికినా ఉద్యోగం పోతుంది, పేరు నల్లజాబితాలోకి వెళ్లొచ్చు. నకిలీ పత్రాల తయారీ, వాడకం ఫోర్జరీ, మోసం కిందికి వస్తాయి. పట్టుబడితే నిలదొక్కుకునే ఆస్తి, లాయరు, పలుకుబడి ఉన్నవాడికీ అవేవీ లేనివాడికీ శిక్ష ఒకేలా పడదు. అప్పు చేసి కట్టిన డబ్బు తిరిగి రాదు. ఎవరైనా డబ్బు కడితే ఉద్యోగం ఖాయమంటే, ఆ మాటే అనుమానించడానికి చాలు.

‘ఉద్యోగం వచ్చాకే ఫీజు’ అనే ఒప్పందాలను కూడా జాగ్రత్తగా చదవాలి. కొన్నిచోట్ల ఆ సంతకం నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు. కోర్సు మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు.

పరిశోధనలు ఏం తేల్చాయి

సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇంగ్లీషు పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాలపాటు ఒకే అర్హతలున్న దరఖాస్తులను అగ్రకుల హిందూ పేర్లతో, దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశ నిష్పత్తి 0.67 మాత్రమేనని తేలింది.

అదే సంచికలో సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌ల వ్యాసం ఉంది. హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, మేం కులం చూడం, ప్రతిభే చూస్తాం అన్నారట. అదే మేనేజర్లు అభ్యర్థి ‘కుటుంబ నేపథ్యం’ తప్పకుండా అడుగుతామని కూడా చెప్పారు. నాన్నగారు ఏం చేస్తారు, ఊరేది, అన్నదమ్ములేం చేస్తారు వంటి ప్రశ్నలకు జవాబిచ్చాక కులం చెప్పకుండా మిగిలేది ఏముంటుంది?

దీనికి భిన్నమైన ఫలితం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టడం మనకు మేలు చేయదు. అభిజిత్ బెనర్జీ, మరియాన్ బెర్ట్రాండ్, సౌగతో దత్తా, సెంధిల్ ముల్లైనాథన్ ఢిల్లీ ప్రాంతంలో 371 ఖాళీలకు 3,160 కల్పిత రెజ్యూమేలు పంపి 2009లో ఫలితాలు ప్రచురించారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో తొలి పిలుపు దశలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేర్ల పట్ల వివక్షకు ఆధారం దొరకలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో మాత్రం అగ్రకులాలకు అనుకూలంగా తేడా కనిపించింది. అది ఓబీసీల విషయంలో ఎక్కువ, ఎస్సీల విషయంలో కొంత తక్కువ.

ఈ రెండింటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలి? కాగితం మీద నైపుణ్యం తూచగలిగిన చోట పేరు బరువు తగ్గుతుంది, మాట తీరు, వాలకం చూసే చోట పెరుగుతుంది అనుకోవడానికి వీలుంది. పైగా ఆ కల్పిత రెజ్యూమేల్లో అందరికీ సమానమైన డిగ్రీ, సమానమైన అర్హత ముందే రాసిపెట్టారు. నిజ జీవితంలో ఆ కాగితం దాకా రావడమే అసలు పరుగు. తెలుగువారి విషయంలో మరో సంగతి ఉంది. మన ఇంటిపేర్లు చాలా సందర్భాల్లో కులాల మధ్య ఉమ్మడిగా ఉంటాయి. పేరు చివర కుల తోక ఉండటం, లేకపోవడం, క్రైస్తవ పేరు, ఊరు, కాలేజీ, ఎంసెట్ ర్యాంకు కలిసి కులాన్ని చెబుతాయి. కాబట్టి ఇక్కడ కులం రెజ్యూమేలో కన్నా ఇంటర్వ్యూలో, ఆ తర్వాత టీమ్‌లో బయటపడుతుంది.

కేరళ నుంచి ఢిల్లీ దాకా వినిపించే ‘ప్రతిభ’ వాదాన్ని ఇద్దరు పరిశోధకులు లోతుగా చూశారు. కారల్ ఉపాధ్య బెంగళూరు ఐటీ రంగం మీద రాస్తూ, ప్రతిభ పేరుతో జరిగే ఎంపిక నగర, మధ్యతరగతి, అగ్రకుల పెంపకాన్నే కొలుస్తోందని 2007లో వాదించారు. అజంతా సుబ్రమణియన్ ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ (2019) మద్రాసు ఐఐటీ చరిత్ర ద్వారా, అగ్రకులాలు తమ కుల వారసత్వాన్నే ప్రతిభగా ఎలా చెప్పుకోగలిగాయో చూపింది.

ఉద్యోగం వచ్చాక

చేరిన తర్వాత ఎదురయ్యే మొదటి ప్రశ్న కులం చెప్పాలా, వద్దా అన్నది. ర్యాంకెంత, ఏ కాలేజీ, ఇంట్లో ఏ పండుగ చేస్తారు, అద్దె ఇల్లు ఎక్కడ దొరికింది, లంచ్ బాక్సులో ఏముంది అన్న మాటల మధ్య ఈ ప్రశ్న రోజూ తిరుగుతుంటుంది. దాచుకున్నవాళ్లు భయంతోను, చెప్పినవాళ్లు ‘కోటా’ ముద్రతోను బతకాల్సి వస్తుంది. ప్రైవేటు ఉద్యోగంలో కోటా లేకపోయినా ఆ ముద్ర వదలదు.

అమెరికాలోనూ ఇదే. 2020 జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ఉపాధి హక్కుల సంస్థ సిస్కో కంపెనీ మీద, ఇద్దరు ఇంజనీర్ల మీద దావా వేసింది. పేరు వెల్లడించని దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరారని పై అధికారి సహోద్యోగులకు చెప్పాడని, ఫిర్యాదు చేశాక ఆయన్ని పక్కన పెట్టారని ఆరోపణ. సిస్కో దీన్ని ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరు వ్యక్తుల మీద కేసును రాష్ట్ర సంస్థ ఉపసంహరించుకుంది, కంపెనీ మీద కొనసాగించింది. 2018లో ఈక్వాలిటీ ల్యాబ్స్ ప్రచురించిన సర్వేలో, అమెరికాలో పనిచేసే చోట అన్యాయంగా చూశారని చెప్పినవారు దళిత ప్రతిస్పందకుల్లో 67 శాతం. యాదృచ్ఛిక నమూనా కాదు కాబట్టి ఈ అంకె మొత్తం దళితులకు వర్తిస్తుందని చెప్పకూడదు, మాట్లాడినవారి అనుభవంగా తీసుకోవాలి. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరమైంది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. ఆపిల్ వంటి కొన్ని కంపెనీలు తమ ఉద్యోగుల నియమావళిలో కులాన్ని చేర్చుకున్నాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం శాశ్వత విముక్తి అనుకునేవారు సుజాత గిడ్ల జీవితాన్ని కూడా తెలుసుకోవాలి. వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, అమెరికాలో బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసిన ఆమె ఉద్యోగం 2009 మాంద్యంలో పోయింది. తర్వాత న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా చేరారు. ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ ఆ ఉద్యోగం చేస్తూనే 2017లో వెలువరించారు. యూనియన్ ఉన్న ప్రభుత్వ రవాణా ఉద్యోగం ఆమెకు నిలబడింది. లేఆఫ్‌లు మళ్లీ మామూలైన ఈ రోజుల్లో ఈ ఉదాహరణ గుర్తుంచుకోదగినది.

చట్టం ఎంతవరకు వస్తుంది

రాజ్యాంగం 16(4) అధికరణ కింద రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. 2005 నాటి 93వ సవరణతో వచ్చిన 15(5) ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల దాకా వచ్చింది కానీ ప్రైవేటు ఉద్యోగం దాకా రాలేదు. 2004లో యూపీఏ ఉమ్మడి కార్యక్రమం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్‌పై చర్చ జరుపుతామంది. పరిశ్రమ సంఘాలు దాన్ని స్వచ్ఛంద ప్రవర్తనా నియమావళి దగ్గర ఆపాయి.

అంటే ఆఫీసులో చట్టమే లేదని కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కంపెనీ గేటు దగ్గర ఆగదు. బహిరంగంగా కనిపించే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడం 3(1)(ఆర్) కింద, కులం పేరుతో దూషించడం 3(1)(ఎస్) కింద నేరం. ఉద్యోగం, వృత్తి చేసుకోకుండా అడ్డుకోవడం 3(1)(జడ్‌ఏ) కింద, సామాజిక, ఆర్థిక బహిష్కరణ 3(1)(జడ్‌సీ) కింద వస్తాయి. ఇవి 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం. ఇక్కడ చిక్కు ‘బహిరంగంగా కనిపించే చోట’ అన్న మాట. నాలుగు గోడల మధ్య సాక్షులు లేకుండా అన్న మాటకు ఈ సెక్షన్ వర్తించడం కష్టమని 2020లో సుప్రీంకోర్టు హితేష్ వర్మ కేసులో చెప్పింది. కేరళ హైకోర్టు 2022లో యూట్యూబ్ వీడియోను బహిరంగ స్థలంతో సమానంగా చూసింది. కాబట్టి టీమ్ మీటింగ్‌లో అన్న మాట, గ్రూప్ చాట్‌లో పెట్టిన జోకు ఒంటరి గదిలో మాట కన్నా బలమైన ఆధారాలు. 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566.

పెద్ద లోటు ఇంకొకటి ఉంది. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం 10 మంది, ఆ పైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలంది. కుల వేధింపులకు అలాంటి కమిటీ ఏ ప్రైవేటు కంపెనీకీ తప్పనిసరి కాదు. దళిత మహిళ మీద వేధింపులో కులమూ లింగమూ కలిసే ఉంటాయి. కమిటీ అందులో సగమే వింటుంది.

బాండ్ల గురించి ఒక హెచ్చరిక. ఏ బాండూ చెల్లదన్న ప్రచారం నమ్మవద్దు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 3 ఏళ్లలోపు మానేస్తే 2 లక్షలు చెల్లించాలన్న షరతును సమర్థించింది. సంతకం ముందు చదవండి, కాపీ తీసుకోండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి.

రిజర్వేషన్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు

సాఫ్ట్‌వేర్ అంటే హైటెక్ సిటీ ఒక్కటే కాదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, సీడాక్, ఈసీఐఎల్, బీఈఎల్, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, ప్రభుత్వ బ్యాంకుల ఐటీ ఆఫీసర్ పోస్టులు అన్నీ కోడ్, నెట్‌వర్క్, డేటాబేస్ పనులే. కేంద్ర నియామకాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్, సాధారణంగా 5 ఏళ్ల వయో సడలింపు ఉంటాయి. గ్యాప్ ఉందని ఎవరూ వెనక్కి పంపరు.

బీటెక్ లేనివారికి కూడా దారి ఉంది. బ్యాంకుల ఉమ్మడి పరీక్షలో ఐటీ ఆఫీసర్‌కి ఎంసీఏ చాలు. ఏదైనా డిగ్రీతోపాటు నీలిట్ ‘బి’ లెవెల్ ఉన్నా అర్హులే. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ల కోర్సు, రెండు రాష్ట్రాల్లోనూ ఐసెట్ ద్వారా ప్రవేశం. తెలంగాణలో అర్హులైన ఎస్సీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. పైగా ఎంసీఏ చేస్తే ‘గ్యాప్’ అన్న మాట పోయి క్యాంపస్ నియామకాల్లో ఫ్రెషర్‌గా కూర్చునే వీలు వస్తుంది. నాలుగు నెలల కోర్సు కన్నా వృత్తి మారేవారికి చాలా సందర్భాల్లో ఇదే గట్టి దారి. విదేశాల్లో పీజీకి తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది.

మారాలనుకుంటే

చేస్తున్న ఉద్యోగం వెంటనే మానవద్దు. మొదటి మూడు నెలలు రోజుకు రెండు గంటలు ఉచిత వనరులతో మొదలుపెట్టండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు, హార్వర్డ్ సీఎస్50, ఫ్రీకోడ్‌క్యాంప్ డబ్బు లేకుండానే దొరుకుతాయి. ఒక భాష, ఎస్‌క్యూఎల్, లినక్స్ ప్రాథమికాలు, గిట్ నేర్చుకున్నాక ఈ పని మీద ఇష్టం నిలిచిందో లేదో మీకే తెలుస్తుంది. ఆ తర్వాతే ఫీజు కట్టడం, ఊరు మారడం.

కనీసం పన్నెండు నెలల ఖర్చు లెక్క కాగితం మీద రాసుకోండి. పాత పనిని దాచకండి, వాడుకోండి. బడిలో చెప్పినవారు విద్యా సాఫ్ట్‌వేర్‌కి, మెడికల్ షాపులో చేసినవారు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి, బ్యాంకు కరెస్పాండెంట్లు చెల్లింపుల రంగానికి ఇతరులకు లేని జ్ఞానంతో వెళ్తారు. టెస్టింగ్, సపోర్ట్ ఉద్యోగాలను చిన్నచూపు చూడవద్దు. లోపలికి వెళ్లాక డెవలప్‌మెంట్‌కి మారినవాళ్లు చాలామంది. గ్యాప్ గురించి అడిగితే నిజమే చెప్పి, ఆ వెంటనే మీరు కట్టిన ప్రాజెక్టు తెరిచి చూపండి.

ఉద్యోగంలో చేరాక ఏదైనా అవమానం జరిగితే తేదీ, సమయం, ఎవరున్నారు, ఏ మాటన్నారు అన్నది అదే రోజు రాసి పెట్టుకోండి. కంపెనీ ఫిర్యాదును మెయిల్ ద్వారానే ఇవ్వండి.

సంఘాలు చేయగలిగినవి

మన సంఘాలు ఉద్యోగ సమస్య అంటే ఇంకా నోటిఫికేషన్లు, బ్యాక్‌లాగ్ పోస్టులనే చూస్తున్నాయి. ఆ పోరాటం ఆగకూడదు. దానితోపాటు మూడు పనులు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

మొదటిది, ఇప్పటికే ఐటీలో ఉన్న దళిత ఉద్యోగుల రెఫరల్ గుంపులు. ఆధిపత్య కులాలకు చుట్టరికం చేసే పనిని మనకు సంఘం చేయాలి. నెలకొక మాక్ ఇంటర్వ్యూ, ఒక రెజ్యూమే సవరణ, ఒక రెఫరల్ చాలా దూరం తీసుకెళ్తాయి. కులం చెప్పుకోవడానికి సిద్ధంగా లేని ఉద్యోగి గోప్యతను కాపాడటం ఇందులో మొదటి నియమం.

రెండోది, సబ్‌ప్లాన్ నిధులు. ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీల నిధులు ఎస్సీలకే ఖర్చు చేయాలంటున్నాయి. ఎస్సీ స్టడీ సర్కిళ్లు పోటీ పరీక్షలకు శిక్షణ, వసతి ఇస్తున్నట్టే, వృత్తి మారేవారికి ఏడాది స్టైపెండ్, లాప్‌టాప్, హాస్టల్ ఇవ్వాలని అడగాలి. వెనకబడ్డది మన పిల్లలకు లేని ఆ పన్నెండు నెలల దగ్గరేనని పైన చూశాం.

మూడోది, లెక్కలు. ప్రైవేటు ఐటీలో ఎస్సీలు ఎంతమంది ఉన్నారో కంపెనీలు ప్రకటించవు. 2025లో వెల్లడైన తెలంగాణ కుల సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. ప్రభుత్వం ఇచ్చే భూముల్లో, రాయితీల్లో వాళ్ల వాటా ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో టీసీఎస్‌కి 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు కేటాయించింది. ప్రజల భూమి ఆ ధరకు తీసుకునే ఏ కంపెనీ అయినా తన ఉద్యోగుల సామాజిక కూర్పును ఏటా ప్రకటించాలని, కుల వివక్ష ఫిర్యాదులకు అంతర్గత కమిటీ పెట్టాలని ఒప్పందంలోనే షరతు పెట్టమని అడగడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టే ప్రభుత్వానికి అది సాధ్యమే.

సాఫ్ట్‌వేర్‌కి మారాలా వద్దా అన్నది ఆ యువతి, ఆ యువకుడు తేల్చుకోవలసిన విషయం. మారాలనుకున్నవారు నకిలీ కాగితం కొనాల్సిన అవసరం, కులం దాచుకోవాల్సిన అవసరం లేకుండా చూడటం మాత్రం మనందరి పని.